‘గా’ ఉన్నచోటల్లా ‘లీ’ రాదు

‘ఆమె అందంగా ఉంది.’ ‘ఆమె అందంగా రాస్తుంది.’ తెలుగులో ఈ రెండు వాక్యాల్లోనూ మాట ఒక్కటే. ఇంగ్లీషులోకి మారిస్తే మొదటిది ‘షి ఈజ్ బ్యూటిఫుల్’ అవుతుంది, రెండోది ‘షి రైట్స్ బ్యూటిఫుల్లీ’ అవుతుంది. ఒకచోట ‘లీ’ లేదు, ఇంకోచోట ఉంది. అడ్జెక్టివ్ వాడాలో అడ్వర్బ్ వాడాలో తెలియక తెలుగువాళ్ళు తడబడే సందర్భాల్లో చాలావాటికి మూలం ఇదే. మన ‘గా’ రెండు పనులు చేస్తుంది. ఇంగ్లీషు ఆ రెండు పనులకీ రెండు రూపాలు పెట్టుకుంది.

బళ్ళో నేర్పే నిర్వచనాల్లో తప్పేమీ లేదు. నామవాచకం గుణాన్ని చెప్పేది అడ్జెక్టివ్, అంటే విశేషణం. క్రియ ఎలా జరిగిందో చెప్పేది అడ్వర్బ్, అంటే క్రియావిశేషణం. అయితే వాక్యం రాయడానికి కూర్చున్నప్పుడు ఈ నిర్వచనాలు పెద్దగా అక్కరకు రావు. మన మనసులో ముందుగా తయారయ్యేది తెలుగు మాట, దాని చివర ‘గా’ కనిపించగానే చెయ్యి ‘లీ’ రాసేస్తుంది. అందుకే నిర్వచనాన్ని పక్కనపెట్టి ఒక్క ప్రశ్న వేసుకోవడం మేలు: ఈ మాట వాక్యంలో ఎవరి గురించి చెబుతోంది? మనిషి గురించో వస్తువు గురించో అయితే అడ్జెక్టివ్. జరిగిన పని గురించి అయితే అడ్వర్బ్.

ఈ ప్రశ్నకు జవాబు తట్టకపోతే ఇంకో పరీక్ష ఉంది. ఇంగ్లీషు వాక్యంలో క్రియను తీసేసి ఆ చోట ‘ఈజ్’ గానీ ‘వాజ్’ గానీ పెట్టి చూడండి. వాక్యం నిలబడి, అర్థం కాస్త అటూఇటూగా అదే ఉంటే, అక్కడ కావలసింది అడ్జెక్టివ్. ‘ద ఫ్లవర్ స్మెల్స్ స్వీట్’ అన్నచోట ‘ద ఫ్లవర్ ఈజ్ స్వీట్’ అన్నా నడుస్తుంది, కాబట్టి ‘స్వీట్లీ’ అక్కర్లేదు. ‘షి రైట్స్ బ్యూటిఫుల్లీ’లో ‘రైట్స్’ తీసేసి ‘ఈజ్’ పెడితే సంగతే మారిపోతుంది. రాత గురించి చెప్పబోయి మనిషి గురించి చెప్పినట్టవుతుంది. కాబట్టి అక్కడ అడ్వర్బే ఉండాలి.

లుక్, ఫీల్, స్మెల్, టేస్ట్: ఇక్కడ తెలుగే దారి చూపిస్తుంది

ఎక్కువమంది జారిపడేది ఈ క్రియల దగ్గరే. ఒకే క్రియ రెండు అర్థాల్లో వాడుకలో ఉండటం దీనికి కారణం. ‘హి లుక్డ్ యాంగ్రీ’ అంటే ఆయన కోపంగా కనిపించాడు. ‘హి లుక్డ్ ఎట్ మి యాంగ్రిలీ’ అంటే ఆయన నా వైపు కోపంగా చూశాడు. ఇంగ్లీషులో రెండిటికీ ‘లుక్డ్’ ఒక్కటే. తెలుగులో మాత్రం ‘కనిపించాడు’, ‘చూశాడు’ అని క్రియలే వేరు. అంటే మొదటి ఇబ్బంది మన ‘గా’ తెచ్చిపెడితే, ఈ ఇబ్బందిని మన క్రియ తీర్చిపెడుతుంది.

దీన్ని ఒక సూత్రంలా పెట్టుకోవచ్చు. తెలుగు వాక్యం ‘ఉంది, కనిపించింది, అనిపించింది, వినిపించింది, అయింది’ లాంటి మాటతో ముగిస్తే ఇంగ్లీషులో అడ్జెక్టివ్ వేయండి. ‘చూశాడు, తాకాడు, చేశాడు’ లాంటి చేతతో ముగిస్తే అడ్వర్బ్ వేయండి. వాసన బాగా లేదంటే ‘ఇట్ స్మెల్స్ బ్యాడ్’. జాగ్రత్తగా వాసన చూశాడంటే ‘హి స్మెల్డ్ ఇట్ కేర్‌ఫుల్లీ’. గుడ్డ మెత్తగా ఉందంటే ‘ద క్లాత్ ఫీల్స్ సాఫ్ట్’. దాన్ని మెల్లగా తడిమి చూసిందంటే ‘షి ఫెల్ట్ ద క్లాత్ జెంట్లీ’. గొంతు బలహీనంగా వినిపిస్తోందంటే ‘హిజ్ వాయిస్ సౌండ్స్ వీక్’.

‘నాకు బాధగా ఉంది’ అనడానికి ‘ఐ ఫీల్ బ్యాడ్లీ’ అని రాసేవాళ్ళు చాలామంది. అక్కడ కావలసింది ‘ఐ ఫీల్ బ్యాడ్’. ‘బ్యాడ్లీ’ పెడితే, స్పర్శతో తెలుసుకునే శక్తి నాకు సరిగ్గా లేదన్న వింత అర్థం పుడుతుంది.

‘అవడం’, ‘మారడం’, ‘ఉండిపోవడం’ చెప్పే క్రియలు కూడా ఈ కోవలోవే. బికమ్, గెట్, టర్న్, గ్రో, రిమైన్, స్టే, కీప్, సీమ్, అపియర్. ‘మౌనంగా ఉండిపోయింది’ అంటే ‘షి రిమైన్డ్ సైలెంట్’. ‘మౌనంగా నడిచింది’ అంటే ‘షి వాక్డ్ సైలెంట్లీ’. ‘అతని ముఖం పాలిపోయింది’ అంటే ‘హిజ్ ఫేస్ టర్న్డ్ పేల్’. ‘ప్రశాంతంగా ఉండు’ అంటే ‘స్టే కామ్’. ఇక్కడ ‘కామ్లీ’ పెట్టకూడదు.

పుస్తకాలు సాధారణంగా ఇక్కడితో ఆపేస్తాయి. ఇంకో అడుగు వెయ్యాలి. ‘ఆమె గదిని శుభ్రంగా ఉంచింది’ అన్న వాక్యం తీసుకోండి. ‘కెప్ట్’ అనే చేత ఉంది కదా అని ‘షి కెప్ట్ ద రూమ్ క్లీన్లీ’ అని రాస్తే తప్పు. శుభ్రంగా ఉన్నది గది, ఉంచే పని కాదు. అందుకని ‘షి కెప్ట్ ద రూమ్ క్లీన్’. అలాగే తలుపుకు ఎర్ర రంగు వేస్తే ‘హి పెయింటెడ్ ద డోర్ రెడ్’. పని జరిగాక కర్మ ఏ స్థితికి చేరిందో చెప్పే మాట అడ్జెక్టివ్‌గానే ఉండాలి. తేడా బాగా తెలిసే జంట ఒకటి ఉంది. ‘హి ఫౌండ్ ద బుక్ ఈజీ’ అంటే పుస్తకం సులువుగా ఉందనిపించింది. ‘హి ఫౌండ్ ద బుక్ ఈజిలీ’ అంటే పుస్తకం సులువుగా దొరికింది. రెండూ సరైన వాక్యాలే. ఏది చెప్పదలచుకున్నారో తేల్చుకున్నాకే రాయాలి.

‘ఫాస్ట్లీ’ అనే మాట లేదు

‘వేగంగా పరిగెత్తాడు’ అనడానికి ‘హి ర్యాన్ ఫాస్ట్లీ’ అని రాయడం మనవాళ్ళలో బాగా పాతుకుపోయిన తప్పు. ఈనాటి ఇంగ్లీషులో ‘ఫాస్ట్లీ’ వాడుకలో లేదు. అడ్జెక్టివ్ అయినా అడ్వర్బ్ అయినా ‘ఫాస్టే’.

దీని వెనక చరిత్ర తెలిస్తే గుర్తుపెట్టుకోవడం తేలిక. వెయ్యేళ్ళ కిందటి ప్రాచీన ఇంగ్లీషులో అడ్జెక్టివ్ చివర ‘ఎ’ అనే చిన్న అచ్చు చేరిస్తే అడ్వర్బ్ అయ్యేది. కాలక్రమంలో చివరి అచ్చును పలకడం మానేశారు. దాంతో ఫాస్ట్, హార్డ్ లాంటి మాటల్లో అడ్జెక్టివ్, అడ్వర్బ్ రెండూ ఒకే రూపానికి వచ్చి ఆగాయి. ‘లీ’ కథ వేరు. అది ‘శరీరం, ఆకారం’ అని అర్థమున్న ‘లిక్’ అనే పాత మాట నుంచి వచ్చింది. నామవాచకానికి చేరితే ‘అలాంటి స్వభావం ఉన్న’ అనే అర్థమిచ్చే అడ్జెక్టివ్ పుట్టేది. ‘ఫ్రెండ్లీ’ అలా పుట్టిందే. ఆ చివరికే పైన చెప్పిన అచ్చు చేరి అడ్వర్బ్ అయ్యేది. ఆ అచ్చు రాలిపోయాక ‘లీ’ రెండు చోట్లా కనిపించడం మొదలైంది. అందుకే ‘లీ’ ఉన్నదల్లా అడ్వర్బ్ కాదు, అడ్వర్బ్ అయినదానికల్లా ‘లీ’ ఉండదు.

రూపం మారని వాటిలో తరచుగా కావలసినవి ఫాస్ట్, హార్డ్, ఎర్లీ, లేట్, స్ట్రెయిట్, ఫార్, లాంగ్, హై, లో. వీటిలో కొన్నిటికి ‘లీ’ తగిలించిన రూపాలూ ఉన్నాయి. అసలు ప్రమాదం వాటి దగ్గరే ఉంది, ఎందుకంటే అర్థం పూర్తిగా వేరు. ‘హార్డ్లీ’ అంటే కష్టపడి అని కాదు, ‘దాదాపు లేదు’ అని. ఉద్యోగ దరఖాస్తులో ‘ఐ వర్క్ హార్డ్లీ’ అని రాస్తే, నేను కష్టపడి పనిచేస్తాను అన్న అర్థం రాదు సరికదా, నేను పెద్దగా పనిచెయ్యను అన్న అర్థం స్ఫురిస్తుంది. సరైన వాక్యం ‘ఐ వర్క్ హార్డ్’. పైగా ‘హార్డ్లీ’లోనే ‘లేదు’ ఉంది కనుక దానికి ‘నాట్’ జతచెయ్యకూడదు. ‘ఐ కెన్ హార్డ్లీ హియర్ యు’ అంటే చాలు, మీ మాట సరిగా వినబడటం లేదని అర్థం వచ్చేస్తుంది.

‘లేట్’ అంటే ఆలస్యంగా, ‘లేట్లీ’ అంటే ఈమధ్య. ‘హి కేమ్ లేట్’ అంటే ఆలస్యంగా వచ్చాడు. ‘నియర్’ అంటే దగ్గర, ‘నియర్లీ’ అంటే దాదాపు. ఎత్తు ఎంతో చెప్పేటప్పుడు ‘హై’, ఎంత మేరకో చెప్పేటప్పుడు ‘హైలీ’. పక్షి ‘ఫ్లైస్ హై’, మనిషి ‘హైలీ ఎడ్యుకేటెడ్’. ‘డీప్’, ‘డీప్లీ’ కూడా ఇంతే. లోతుకు తవ్వితే ‘డిగ్ డీప్’, మనసు లోతుగా కదిలితే ‘డీప్లీ మూవ్డ్’.

వాడుకలో ‘స్లో’ కూడా అడ్వర్బ్‌గా నడుస్తుంది. రోడ్డు పక్క బోర్డుల మీద ‘డ్రైవ్ స్లో’ అని ఉంటుంది. 1997లో ఆపిల్ కంపెనీ ‘థింక్ డిఫరెంట్’ అన్న నినాదంతో ప్రకటనలు ఇచ్చింది, అది ‘డిఫరెంట్లీ’ అని ఉండాలా వద్దా అన్న చర్చ కూడా నడిచింది. బోర్డులకీ నినాదాలకీ ఉన్న స్వేచ్ఛ వేరు. పరీక్షలోనూ ఆఫీసు ఉత్తరంలోనూ ‘స్లోలీ’, ‘డిఫరెంట్లీ’ అనే రాయండి.

ఇక ‘లీ’ ఉన్నా అడ్జెక్టివ్ అయినవి: ఫ్రెండ్లీ, లవ్లీ, లోన్లీ, కాస్ట్లీ, సిల్లీ, అగ్లీ, ఎల్డర్లీ, కౌవర్డ్లీ. వీటిని నేరుగా క్రియకు అంటించకూడదు. ‘స్నేహంగా మాట్లాడాడు’ అనాలంటే ‘హి స్పోక్ ఫ్రెండ్లీ’ చెల్లదు, ‘హి స్పోక్ ఇన్ ఎ ఫ్రెండ్లీ వే’ అనాలి. డైలీ, వీక్లీ, మంత్లీ, ఎర్లీ మాత్రం రెండు పనులూ చేస్తాయి. ‘ఎ డైలీ పేపర్’ అనవచ్చు, ‘ఇట్ కమ్స్ డైలీ’ అనీ అనవచ్చు.

‘గుడ్’కు అడ్వర్బ్ ‘వెల్’. ‘హి స్పీక్స్ ఇంగ్లిష్ గుడ్’ తప్పు, ‘హి స్పీక్స్ ఇంగ్లిష్ వెల్’ ఒప్పు. ఒంట్లో బాగున్నప్పుడు ‘ఐ యామ్ వెల్’ అంటాం, అక్కడ మాత్రం ‘వెల్’ అడ్జెక్టివే.

స్పెల్లింగ్ విషయానికొస్తే, ఎక్కువ మార్కులు పోయేది కొన్ని చోట్ల. ‘ఫుల్’తో ముగిసే మాటలకు ‘లీ’ చేర్చినప్పుడు ఎల్ రెండుసార్లు రావాలి. కేర్‌ఫుల్లీ, బ్యూటిఫుల్లీ అలాంటివి. చివర వై ఉంటే అది ఐగా మారుతుంది, ‘హ్యాపీ’ నుంచి ‘హ్యాపిలీ’. జెంటిల్, సింపుల్, టెరిబుల్ లాంటి వాటిలో చివరి ఇ పోయి దాని స్థానంలో వై వస్తుంది. చివర ‘ఇక్’ శబ్దం ఉన్నవాటికి, బేసిక్, డ్రమాటిక్ లాంటివాటికి, మధ్యలో ఎ, ఎల్ చేర్చి ‘బేసికల్లీ’ అని రాయాలి. దీనికి ‘పబ్లిక్’ మినహాయింపు, దాని వెనక నేరుగా ఎల్, వై చేరతాయి. ‘సిన్సియర్’కు ‘లీ’ చేరినప్పుడు చివరి ఇ అలాగే ఉంటుంది, ‘ట్రూ’కు చేరినప్పుడు పోతుంది. ఉత్తరం చివర సంతకానికి పైన రాసే మాటలు ఈ ‘సిన్సియర్లీ’, ‘ట్రూలీ’లే కాబట్టి ఒక్కసారి చేత్తో రాసి అలవాటు చేసుకోండి.

చాలా, మరీ, కొంచెమే

‘చాలా’ తెలుగులో ఎక్కడైనా ఇమిడిపోతుంది. చాలా పెద్దది, చాలా నచ్చింది, చాలా నయం, చాలామంది. ఇంగ్లీషులో ఈ నాలుగిటికీ నాలుగు దారులు. అడ్జెక్టివ్ ముందూ అడ్వర్బ్ ముందూ ‘వెరీ’ వస్తుంది: ‘వెరీ బిగ్’, ‘వెరీ స్లోలీ’. క్రియతో ‘వెరీ’ ఒంటరిగా రాదు, ‘ఐ లైక్ ఇట్ వెరీ మచ్’ అని వాక్యం చివరికి వెళ్ళాలి. పోలిక చెప్పే రూపం ముందు ‘వెరీ’ నిలవదు. ‘వెరీ బెటర్’ తప్పు, ‘మచ్ బెటర్’ ఒప్పు. లెక్కపెట్టగలిగినవాటికి ‘మెనీ’, లెక్కపెట్టలేనివాటికి ‘మచ్’, రెండిటికీ పనికొచ్చేది ‘ఎ లాట్ ఆఫ్’.

‘టూ’ను ‘వెరీ’కి పర్యాయపదంగా వాడటం చాలామందికి అలవాటు. దాన్ని మానుకోవాలి. ‘టూ’ అంటే ‘మరీ’. అందులో ఒక ‘కుదరదు’ దాగి ఉంటుంది. ‘ద బాక్స్ ఈజ్ వెరీ హెవీ’ అంటే బాగా బరువుంది, అయినా ఎత్తగలమేమో. ‘ద బాక్స్ ఈజ్ టూ హెవీ’ అంటే ఎత్తలేనంత బరువుంది. పని మెచ్చుకుంటూ ‘యువర్ వర్క్ ఈజ్ టూ నీట్’ అని రాస్తే, శుభ్రత హద్దు దాటిందని ఫిర్యాదు చేసినట్టు వినిపిస్తుంది. దీనికి జోడీ ‘ఇనఫ్’. ఇది అడ్జెక్టివ్ తర్వాత వస్తుంది, నామవాచకానికి ముందు వస్తుంది. ‘బిగ్ ఇనఫ్’, ‘ఇనఫ్ టైమ్’.

‘ఎ లిటిల్’, ‘లిటిల్’ మధ్య తేడాకు తెలుగులో అచ్చంగా సరిపోయే జంట ఉంది. ‘కొంచెం టైమ్ ఉంది’ అంటే ‘దేర్ ఈజ్ ఎ లిటిల్ టైమ్’. ‘కొంచెమే టైమ్ ఉంది’ అంటే ‘దేర్ ఈజ్ లిటిల్ టైమ్’. మన ‘ఏ’ చేరినప్పుడు వాళ్ళ ‘ఎ’ పోతుందన్నమాట. ‘ఎ ఫ్యూ’, ‘ఫ్యూ’ కూడా ఇంతే: ‘కొంతమంది వచ్చారు’, ‘కొద్దిమందే వచ్చారు’.

ఆ ‘ఏ’ని పట్టుకుని ఇంకో మాట. మన ‘ఏ’ కనబడగానే ‘ఓన్లీ’ రాసేయడం మన ఇంగ్లీషును ఇట్టే పట్టించే గుర్తు. ‘ఇప్పుడే వచ్చాడు’ అంటే ‘హి కేమ్ నౌ ఓన్లీ’ కాదు, ‘హి హాజ్ జస్ట్ కమ్’. ‘అక్కడే ఉన్నాడు’ అంటే ‘హి ఈజ్ రైట్ దేర్’. ‘నేనే చేశాను’ అంటే ‘ఐ డిడ్ ఇట్ మైసెల్ఫ్’. ‘రెండే ఉన్నాయి’ అన్నప్పుడు మాత్రం ‘దేర్ ఆర్ ఓన్లీ టు’ సరిగ్గా సరిపోతుంది. ‘ఏ’ని ‘మాత్రమే’గా మార్చి చూడండి. వాక్యం సహజంగా ఉంటేనే ‘ఓన్లీ’. ‘రెండు మాత్రమే ఉన్నాయి’ సహజంగా ఉంది, ‘ఇప్పుడు మాత్రమే వచ్చాడు’ అంటే భావం మారిపోతుంది. ఇంకో తేడా, మన ‘ఏ’ మాటకు వెనక చేరితే వాళ్ళ ‘ఓన్లీ’ మాటకు ముందు నిలుస్తుంది. ‘ఓన్లీ షి గేవ్ మి ద బుక్’ అంటే ఇచ్చింది ఆమె ఒక్కతే. ‘షి గేవ్ మి ఓన్లీ ద బుక్’ అంటే ఇచ్చింది పుస్తకం ఒక్కటే.

‘కూడా’కు ‘ఆల్సో’, ‘టూ’ రెండూ ఉన్నాయి. వ్యతిరేక వాక్యంలో మాత్రం ఇవి పనిచెయ్యవు. ‘నాకు కూడా తెలియదు’ అంటే ‘ఐ డోంట్ నో ఈదర్’. ‘ఇంకా’ సంగతి కూడా చూడాలి. పని సాగుతూ ఉంటే ‘స్టిల్’, జరగవలసింది జరగకపోతే ‘యెట్’, ఇంకొంత కావాలంటే ‘మోర్’. ‘ఇంకా చదువుతున్నాడు’ అంటే ‘హి ఈజ్ స్టిల్ రీడింగ్’, ‘ఇంకా రాలేదు’ అంటే ‘హి హాజ్ నాట్ కమ్ యెట్’.

తెలుగులో మాటను రెట్టించడం ఒక అందం. చిన్న చిన్న తప్పులు, మెల్లమెల్లగా, వేరే వేరే రంగులు. ఇంగ్లీషులో ఆ రెట్టింపు చెల్లదు. ‘స్మాల్ స్మాల్ మిస్టేక్స్’ బదులు ‘స్మాల్ మిస్టేక్స్’, ‘స్లోలీ స్లోలీ’ బదులు ‘గ్రాడ్యుఅల్లీ’ అని గానీ ‘లిటిల్ బై లిటిల్’ అని గానీ రాయాలి. పోలిక రూపాన్ని మాత్రం మధ్యలో ‘అండ్’ పెట్టి రెట్టించవచ్చు: ‘బెటర్ అండ్ బెటర్’.

పోలికలో రెండుసార్లు చెప్పడం, అసలు చెప్పకపోవడం

‘నాకంటే పొడుగు’ అన్నప్పుడు ‘పొడుగు’ అనే మాట మారదు, పోలిక భారమంతా ‘కంటే’ మోస్తుంది. ఆ అలవాటుతోనే ‘హి ఈజ్ టాల్ దేన్ మి’ అని వస్తుంది. ఇంగ్లీషులో ‘దేన్’ ఒక్కటే చాలదు, మాట కూడా మారి ‘టాలర్’ కావాలి. ఇది తెలిశాక అతిజాగ్రత్తతో ‘మోర్ టాలర్’, ‘మోర్ బెటర్’ అనేవాళ్ళు ఉంటారు. అక్కడ పోలిక రెండుసార్లు చెప్పినట్టయింది. ‘ర్’ చేరితే ‘మోర్’ వద్దు, ‘మోర్’ ఉంటే ‘ర్’ వద్దు.

ఏది ఎక్కడ అన్నదానికి కొలత పలుకు, అంటే సిలబుల్. ఒకే పలుకున్న టాల్, ఫాస్ట్, హార్డ్ లాంటివాటికీ, వైతో ముగిసే రెండు పలుకుల హ్యాపీ, ఈజీ లాంటివాటికీ ‘ర్’. మూడు పలుకులు, అంతకంటే ఎక్కువ ఉన్నవాటికి ‘మోర్’. ‘లీ’ చేర్చి తయారుచేసుకున్న అడ్వర్బులకు ‘మోర్’ వాడాలి: ‘మోర్ స్లోలీ’, ‘మోర్ కేర్‌ఫుల్లీ’. గుడ్‌కీ వెల్‌కీ రెండిటికీ ‘బెటర్, బెస్ట్’. బ్యాడ్‌కీ బ్యాడ్లీకీ ‘వర్స్, వర్స్ట్’. సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్ఫీరియర్ లాటిన్ నుంచి వస్తూనే పోలికను లోపల పెట్టుకుని వచ్చాయి కాబట్టి వాటికి ‘మోర్’ తగలదు, వెనక ‘దేన్’ బదులు ‘టు’ వస్తుంది. ‘వన్ ఆఫ్ ద బెస్ట్’ తర్వాత బహువచనమే రావాలి: ‘వన్ ఆఫ్ ద బెస్ట్ ప్లేయర్స్’.

‘ఎంత తొందరగా అయితే అంత మంచిది’ అన్న మన వాక్యానికి ఇంగ్లీషులో అద్దంలా సరిపోయేది ‘ద సూనర్, ద బెటర్’. రెండు వైపులా ‘ద’ ఉండాలి, రెండు వైపులా పోలిక రూపమే ఉండాలి.

వెనక నుంచి ముందుకు

అడ్వర్బును ఎక్కడ పెట్టాలన్నదానికి తెలుగువాళ్ళకు ఒక మంచి కిటుకు ఉంది. ‘ఆయన నిన్న సభలో చక్కగా మాట్లాడాడు.’ ఇందులో వరస: ఎప్పుడు, ఎక్కడ, ఎలా, క్రియ. ఇంగ్లీషు వాక్యం ‘హి స్పోక్ వెల్ ఎట్ ద మీటింగ్ యెస్టర్డే’. వరస: క్రియ, ఎలా, ఎక్కడ, ఎప్పుడు. తెలుగు వాక్యంలో కర్తను వదిలేసి, మిగతాదాన్ని చివరి నుంచి మొదటికి చదువుకుంటూ వస్తే ఇంగ్లీషు వరస వచ్చేస్తుంది. వెళ్ళడం, రావడం చెప్పే క్రియల దగ్గర మాత్రం చోటు ముందుకు జరుగుతుంది: ‘షి వెంట్ హోమ్ క్వయెట్లీ’. కాలం చెప్పే మాటను నొక్కి చెప్పాలంటే వాక్యం మొదట్లో పెట్టవచ్చు.

క్రియకూ కర్మకూ మధ్యలో మాత్రం అడ్వర్బును దూర్చకండి. ‘హి స్పీక్స్ ఫ్లూయెంట్లీ ఇంగ్లిష్’ కాదు, ‘హి స్పీక్స్ ఇంగ్లిష్ ఫ్లూయెంట్లీ’. ఆల్వేస్, ఆఫెన్, యూజువల్లీ, నెవర్ లాంటివి మామూలు క్రియకు ముందు వస్తాయి, ‘యామ్, ఈజ్, ఆర్’ తర్వాత వస్తాయి. సహాయక్రియ ఉంటే దాని వెనక. ‘షి ఆల్వేస్ కమ్స్ ఎర్లీ’, ‘షి ఈజ్ ఆల్వేస్ ఎర్లీ’, ‘ఐ హావ్ నెవర్ సీన్ ఇట్’. ‘ఎప్పుడూ చూడలేదు’లో మనకు ‘లేదు’ విడిగా ఉంటుంది. ‘నెవర్’లో అది ముందే ఉంది, మళ్ళీ ‘నాట్’ పెట్టకూడదు.

అడ్జెక్టివులు వరసగా నాలుగైదు వస్తే క్రమం ఇది: అభిప్రాయం, పరిమాణం, వయసు, ఆకారం, రంగు, ఎక్కడిది, దేనితో చేసింది. ‘ఎ లవ్లీ స్మాల్ ఓల్డ్ రౌండ్ వుడెన్ టేబుల్’. మాటల్లో ఎవరూ ఇన్ని పేర్చరు. రెండు మూడు చాలు, మన ఇష్టం ముందు, వస్తువు స్వభావం చివర అని గుర్తుంటే పని జరిగిపోతుంది. అంకె కలిసిన అడ్జెక్టివులో బహువచనం రాదు: ‘ఎ ఫైవ్ ఇయర్ ఓల్డ్ చైల్డ్’, ‘ఎ టు అవర్ ఫిల్మ్’. ఇక్కడ ‘ఇయర్స్’, ‘అవర్స్’ అనకూడదు.

ఒక అడ్జెక్టివు ముందు ఇంకో మాట చేరినప్పుడు మన ‘మైన’, ‘గా’ నమ్మకంగా దారి చూపుతాయి. ‘అందమైన, రంగులద్దిన పెట్టె’ అంటే ‘ఎ బ్యూటిఫుల్, పెయింటెడ్ బాక్స్’. ‘అందంగా రంగులద్దిన పెట్టె’ అంటే ‘ఎ బ్యూటిఫుల్లీ పెయింటెడ్ బాక్స్’. మొదటిదానిలో అందం పెట్టెది, రెండోదానిలో అందం రంగులద్దిన పనితనానిది.

‘బోర్డ్’, ‘బోరింగ్’ జంటను కూడా కలపకూడదు. విసుగు పుట్టించేది ‘బోరింగ్’, విసుగు పుట్టినవాడు ‘బోర్డ్’. ‘నాకు బోర్ కొడుతోంది’ అనడానికి ‘ఐ యామ్ బోరింగ్’ అంటే, నేనే అందరికీ విసుగు పుట్టిస్తానని ఒప్పుకున్నట్టు. ఇంట్రెస్టెడ్, ఇంట్రెస్టింగ్, కన్ఫ్యూజ్డ్, కన్ఫ్యూజింగ్, టైర్డ్, టైరింగ్ అన్నీ ఇదే పద్ధతి.

అభ్యాసానికి రోజుకు ఐదు తెలుగు వాక్యాలు చాలు, ప్రతి దానిలోనూ ‘గా’ ఉండేలా చూసుకోండి. ముందు ఆ ‘గా’ ఎవరి గురించో గీత గీసి కలపండి, ఆ తర్వాతే ఇంగ్లీషు రాయండి. మొదటి వారానికి ఇవి పనికొస్తాయి. ‘పిల్లవాడు హాయిగా నిద్రపోయాడు.’ పని గురించి, కాబట్టి ‘పీస్‌ఫుల్లీ’. ‘గది చల్లగా అయింది.’ గది గురించి, ‘ద రూమ్ బికేమ్ కూల్’. ‘ప్రశ్న తేలికగా అనిపించింది.’ ప్రశ్న గురించి, ‘ద క్వశ్చన్ సీమ్డ్ ఈజీ’. ‘తలుపు గట్టిగా మూశాడు.’ ఇక్కడ రెండు దారులూ తెరిచే ఉన్నాయి. మూసిన తీరును చెబితే ‘టైట్లీ’, మూసుకున్న తలుపు స్థితిని చెబితే ‘హి షట్ ద డోర్ టైట్’.

ఐదోది ‘ఉత్తరం చిన్నగా రాయి.’ దీని మీద కాసేపు ఆగండి. అక్షరాలు చిన్నవిగా ఉండాలంటే ‘రైట్ స్మాల్’. ఉత్తరం పొట్టిగా ఉండాలంటే, పొట్టిదనం ఉత్తరానిది కాబట్టి, ‘కీప్ ద లెటర్ షార్ట్’. ‘గా’ ఉంది కదా అని ‘రైట్ షార్ట్లీ’ అని పంపిస్తే, ‘షార్ట్లీ’ అంటే ‘త్వరలో’ కాబట్టి, అవతలివాళ్ళు త్వరలోనే రాస్తారు. ఎన్ని పేజీలైనా రాస్తారు.